రేపు దేవుడిది, రేటెవరిది?

గతాన్ని వదిలేయాలట. రేపటిని దేవుడి చేతుల్లో పెట్టాలట. మా తోడల్లుడు పొద్దున్నే సూర్యోదయం బొమ్మ మీద రాసి పంపాడు. కింద జోడించిన రెండు చేతులు, ఓ గులాబీ, మూడు పావురాలు. నిన్నా ఇదే. మొన్న మాత్రం పావురాలకు బదులు నెమలి. కుటుంబం గ్రూపులో అందరూ దండాలు పెడుతున్నారు, నేనొక్కడినే పళ్లు నూరుతున్నాను.

ఆయన రిటైరైన ఉద్యోగి. నెల మారగానే పెన్షన్ పడుతుంది, కాస్త ఆలస్యమైతే అడగడానికి యూనియన్ ఉంది. అలాంటాయన రేపటిని తీసుకెళ్లి అప్పజెప్పినా దేవుడికి మోయడానికి పెద్ద బరువేమీ ఉండదు. ఇక గతం సంగతి. ఒకప్పుడు కొంపల్లిలో చవగ్గా వస్తున్న ప్లాటును "ఆ అడవిల ఎవడుంటడు" అని కాదనుకున్న కథను ఆయన ప్రతి పెళ్లి విందులో పప్పు దగ్గర అందుకుని పెరుగు దాకా లాగుతాడు. వదిలేయాల్సిన గతాలన్నీ పక్కవాళ్లవి కాబోలు.

అయినా రేపటిని దేవుడి చేతుల్లో పెట్టాలంటే ముందు అది మన చేతుల్లో ఉండాలి కదా. మా నవీపేట్ వైపు గోదావరి నీళ్లు సుప్రీంకోర్టు చేతిలో ఉన్నాయి. 2013 తీర్పు ప్రకారం ఎగువన బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1న లేస్తాయి, అక్టోబర్ 28న దిగుతాయి. గోదావరి తల్లి కూడా క్యాలెండర్ చూసుకునే రావాలి. కోస్లీ దగ్గర ఆలీసాగర్ ఎత్తిపోతల మోటార్లు కరెంటోళ్ల చేతిలో ఉన్నాయి. పసుపు రేటంటారా, నిజామాబాద్ యార్డులో మనవాళ్లు బస్తా విప్పేలోపే సాంగ్లీలో ఎంత, ఈరోడ్‌లో ఎంత అని వ్యాపారుల ఫోన్లు మోగుతుంటాయి. అందరూ పంచుకోగా దేవుడి వాటాకు మిగిలింది వాన. అది కూడా సరిగ్గా ఉడికిన పసుపును కల్లంలో ఆరబోసిన రోజే పంపిస్తాడు.

మా మేనమామకు ఈ పావురాల గొడవ లేదు. ఆయనది బటన్ల ఫోను. ఆర్మూర్ పక్క ఊళ్లో పసుపు వేస్తాడు. శనివారం నవీపేట్ మేకల సంతకు వచ్చాడంటే ముందు మా ఇంట్లో చాయ్ తాగాల్సిందే. గ్లాసు చేతికందగానే మొదలు: "2011ల క్వింటాల్ 16 వేలు పలికింది అల్లుడా." చాయ్‌లో చక్కెర తక్కువైనా అదే రేటు. గ్యాస్ బండ ధర పెరిగినా అదే రేటు. మా వాడికి పదో తరగతిలో ఎన్ని మార్కులొచ్చాయని అడిగి, జవాబు వినకుండానే అదే రేటు. ఆ తరువాత అది నాలుగు వేల దాకా జారిన సంగతి కూడా చెప్తాడు గానీ, ఎవరో పోయిన కబురు చెప్తున్నట్టు గొంతు తగ్గిస్తాడు.

ఒకసారి తోడల్లుడి సందేశం చదివి వినిపించాను. మామ శ్రద్ధగా విన్నాడు.

"దేవునికి ఇచ్చుడు మంచిదే. కమీషన్ ఎంత పట్టుకుంటడంట?"

తరుగు, హమాలీ, కమీషన్ పోగా మిగిలిందే చేతికొస్తుందని ఒళ్లంతా తెలిసిన మనిషి. వైకుంఠంలో కూడా కాటా ఉంటుందనే అనుకుంటాడు.

అసలు వదిలేయడమనే విద్య మా జిల్లాకు పట్టుబడదు. 2019 సంగతి చూడండి. పసుపుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇప్పించండని ఆ ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర రైతులు 44వ నంబర్ రోడ్డు మీద కూర్చున్నారు. పనికాలేదు. ఇంకోచోటైతే ఇంటికి పోయి "పైవాడున్నాడు" అనుకునేవాళ్లు. వీళ్లు నిజామాబాద్ పోయి లోక్‌సభకు నామినేషన్లు వేశారు. 178 మంది రైతులు! మొత్తం అభ్యర్థులు 185. 1996లో నల్గొండలో 480 మంది నిలబడితే ఓటరు చేతికి బ్యాలెట్ పేపరు బదులు బ్యాలెట్ పుస్తకమే ఇవ్వాల్సి వచ్చింది. ఇక్కడ ఎన్నికల సంఘం మాత్రం మిషన్లే అంది. ఒక్కో దాని మీద 16 మీటలు. 12 మిషన్లు తెచ్చి, గదిలో ఎల్ ఆకారంలో బల్లల మీద పేర్చారు.

ఏప్రిల్ 11న మామ ఓటుకు పోయాడు. పెద్ద పార్టీలన్నీ మొదటి మిషన్ మీదే ఉన్నాయి, నొక్కి వచ్చేయొచ్చు. కానీ మామ ఓటు వేయాల్సిన వాడు ఎక్కడో ఎనిమిదో మిషన్ మీదున్నాడు. అక్కడిదాకా పోవాలంటే దారిలో అందరినీ పలకరించాలి కదా. వీడు వియ్యంకుడి తమ్ముడు. వీడు రెండు ఎరువు బస్తాలు బాకీ. వీడు ఫోటోలో ఇంత నున్నగా ఎట్లున్నడబ్బా? నవగ్రహాల చుట్టూ తిరిగినట్టు ఒక్కో మిషన్ దగ్గరా ఆగి, తలవంచి, గుర్తుపట్టి ముందుకు పోతున్నాడు. పైగా గుర్తులొకటి. ఎన్నికల సంఘం జాబితాలో బెండకాయ ఉంది, పచ్చిమిర్చి ఉంది, అల్లం కూడా ఉంది. పసుపు కొమ్ము లేదు. అల్లానికి స్వయానా చుట్టం, దానికి మాత్రం చోటు లేదు! మామ దీని మీద అక్కడే నిలబడి కాసేపు బాధపడ్డాడట.

"నొక్కినవా పెద్దాయనా?" అని లోపలి సారు దగ్గాడు.

"ఆగు సారూ, ఇంక ఐదు మిషన్ల మనోళ్లున్నరు."

బయటికొచ్చాక అత్తమ్మ ఎండలో కొంగు నెత్తిమీద వేసుకుని నిప్పులు చెరిగింది: "బాసర సరస్వతమ్మ దర్శనానికి గూడ గింత సేపు పట్టది."

"అక్కడ అమ్మ ఒక్కతే ఉంటది" అన్నాడు మామ.

ఏం చెబుతున్నాను? ఆఁ, వదిలేయడం. ఆ ఎన్నికలో గెలిచిన ధర్మపురి అర్వింద్ ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని ముందే బాండ్ పేపర్ రాసిచ్చారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని నోట వచ్చింది, ప్రారంభం 2025 సంక్రాంతికి, నిజామాబాద్‌లో ఆఫీసు అదే ఏడు జూన్ 29న. బ్రహ్మదేవుడి పగలు ఒక్కటి మనకు 432 కోట్ల ఏళ్లు కాబట్టి ఆ లెక్కన ఐదు రోజుల కంటే చాలా ముందే వచ్చినట్టు. పేపర్లో పడ్డ ఆ బాండ్ ఫోటోను మామ కత్తిరించి దేవుడి పటం వెనక దాచాడు. దీపం పెట్టినప్పుడల్లా పటం కొద్దిగా ముందుకు ఒరుగుతుంది.

2024 మార్చిలో రేటు 18 వేలు దాటింది. మామ ఫిబ్రవరిలోనే అమ్మేశాడు. ఇప్పుడు చాయ్‌లోకి రెండు రేట్లు.

నవ్వులాటకు చెబుతున్నాను గానీ, 2011 కథలో సగం మామ ఎప్పుడూ చెప్పడు. అత్తమ్మ చెప్పింది. ఆ పంటలో చాలాభాగం రేటు ఎక్కకముందే అమ్మేశారు, కొడుకు గల్ఫ్ వీసాకు ఏజెంటు తొందరపెడుతున్నాడని. కొన్నాళ్లు ఆగి ఉంటే అప్పు తీరేది, బోరు పడేది, పిల్లవాడు ఊళ్లోనే ఉండేవాడు. ఇప్పటికీ మస్కట్‌లోనే ఉన్నాడు. రెండేళ్లకోసారి వస్తాడు. వచ్చిన కొత్తలో సొంత పిల్లలే దగ్గరికి పోకుండా తాత వెనక నక్కుతారు. ఇది విన్నాక ఆ 16 వేల మాట వస్తే నాకు ఎగతాళి చేయబుద్ధి కావడం లేదు, చాయ్ ఇంకొంచెం పోయిస్తున్నాను. నమ్మకం గురించి ఆయనకు ఎవరు చెప్పాలి? అమ్మితే పైసలొచ్చే కొమ్ములను విత్తనమని పక్కన పెట్టి, మృగశిరలో మట్టి కప్పి, తొమ్మిది నెలలు ఎదురుచూడటం ఏటా ఆయన చేసే పనే. పావురాలు లేకుండానే చేస్తాడు.

పోయిన శనివారం నేను కూడా వెంట సంతకు పోయాను. మామ ఒక మేకపోతు వెన్ను తడిమాడు, పెదవి ఎత్తి పళ్లు చూశాడు, పొట్ట కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపి దించాడు.

"ఎంత?"

"పన్నెండు వేలు."

"పోయిన వారం గిసొంటిదే పదికిచ్చినవ్ గదా."

"పోయిన వారం ముచ్చట పోయిన వారంతోనే పాయె పటేలా."

మామ మెల్లగా నా వైపు తిరిగాడు. "మీ తోడల్లుడు ఈడగూడ ఉన్నడేందిర?"

తరువాత భుజం మీద కండువా దులిపి, పోతున్నట్టు రెండడుగులు వేశాడు. "సరే తియ్, రేపొచ్చి చూస్త."

"రేపు సంత లేదు" అన్నాడు మేకలాయన, తాడు మామ చేతిలో పెడుతూ. "పదకొండియ్యి."