రొయ్యకున్న యోగం

మా ఇందుకూరుపేట మండలంలో పుడితే వెనామీ రొయ్యగా పుట్టాలి. యూరప్ ప్రయాణం పెట్టుకున్న రొయ్యకు గుంట దాటకముందే పరీక్షలు. క్లోరాంఫెనికాల్ తగిలిందా, నైట్రోఫ్యూరాన్ మింగిందా అని నిషేధించిన యాంటీబయాటిక్ మందుల కోసం వంద కోట్లలో ఒక వంతు దాకా గాలిస్తారు. అక్కడ రేవులో దొరికిందా, కంటైనర్ వెనక్కే. దాని మేత బస్తా మీదైతే ప్రొటీన్ ఎంత, కొవ్వు ఎంత, తేమ ఎంత అని జాతకమంతా అచ్చేసి ఉంటుంది.

అదే, ఆ రొయ్యను పెంచే రైతు కూతురు వాడే నెలసరి ప్యాడ్? మెడికల్ షాపులో అడగ్గానే కుర్రాడు తల వంచుకుంటాడు. పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, ఎవరూ చూడకుండా చేతిలో పెడతాడు. దొంగసారా కూడా ఇంత గుట్టుగా అమ్మరు. ఇంటికెళ్లి విప్పితే ధర, తయారైన నెల, పూల బొమ్మలు, రెక్కలున్నాయన్న శుభవార్త. లోపల ఏమేం కలిపారో రాసుండాలన్న రూలు లేదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు కూడా తనలో పామాయిల్ ఉందని ఒప్పుకుంటుంది గదా!

"తెల్లగా, మెత్తగా ఉంది. దూదేలే" అనుకుంటాం. దూదొక్కటే అయితే గొడవే లేదు. చెక్క గుజ్జు, తడిని జెల్లుగా మార్చే పొడి, ప్లాస్టిక్ పొర, జిగురు, కొన్నింటికి అత్తరు కూడా. 2022లో ఢిల్లీ సంస్థ టాక్సిక్స్ లింక్ 10 రకాల ప్యాడ్లు పరీక్షిస్తే, పదింటిలోనూ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, ఇట్టే ఆవిరయ్యే రసాయనాలు బయటపడ్డాయి. 'ఆర్గానిక్' అని బోర్డు కట్టుకున్నవీ అందులో ఉన్నాయి. థాలేట్లలో కొన్ని హార్మోన్లతో చెలగాటమాడే రకం. ప్యాడ్ల వల్లే ఫలానా జబ్బొస్తుందని ఆ పరీక్ష తేల్చలేదు. మళ్లీ పాతగుడ్డలకు పొమ్మని నేనూ అనడం లేదు. రాయమంటున్నా, అంతే.

సర్కారు ఊరికే కూర్చోలేదు, పాపం. 2018లో జీఎస్టీ ఎత్తేసింది. 2021లో మన ఆంధ్రప్రదేశ్ 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఉచితమంది. పన్ను పోయింది, ధర పోయింది, గుట్టు మాత్రం పోలేదు. న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే చట్టం చేసి, ప్యాడ్ ప్యాకెట్టు మీద పదార్థాలన్నీ రాయించింది. మన రొయ్యలు అమెరికా పోతాయే గాని, తిరిగొచ్చి ఈ సంగతి చెప్పవు.

రేపో మాపో ఈ పేజీ కూడా మైపాడు రోడ్డులో ఏదో షాపులో ప్యాడ్లకు చుట్టుకాగితం అవుతుంది. అమ్మా, విప్పగానే పారేయకండి. లోపలేముందో ప్యాకెట్టు కంటే ఈ కాగితమే నాలుగు మాటలు ఎక్కువ చెప్పింది.