పదహారు ఓటముల అభిమాని

సుల్తానాబాదులో ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఇంకా ఉండొచ్చు, బయటికి చెప్పుకునేది మాత్రం నేనే. మాకు ఆటంటే కబడ్డీ, కాదంటే క్రికెట్. రైసుమిల్లు ఎదురుగా చాయ్ దుకాణంలో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటే, మిల్లులో హమాలీ చేసే మా కాక తొంగి చూసి అడుగుతాడు: "గంటన్నర ఉరికి ఒక్కటి గొట్టకపోతె ఈళ్లకు కూలి ఎట్ల గిట్టుతదిరా?"

నా జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు ఎత్తింది. గోలీ కట్టిమణి బంతులు ఆపుతుంటే నేనే ఆపినట్టు కాలరెగరేశాను. మరుసటి ఏడు లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. పగ్గాలు థాంగ్‌బోయి సింగ్తో చేతికొచ్చాయి.

2023-24లో ఆడినవి 22. గెలుపు 1, డ్రా 5, ఓటమి 16. కొట్టిన గోల్స్ 10, తిన్నవి 43.

"ఇయ్యాల గూడ ఓడిన్రా?" అనేది చాయ్ దుకాణంలో పలకరింపు అయిపోయింది. బాగున్నవా అని అడగడం మానేశారు. ఆఫ్‌సైడ్ అంటే రోడ్డుకు అవతలి పక్క అనుకునేవాళ్లు కూడా కోచ్‌ను పీకెయ్యాలని తీర్మానించారు. ఫుట్‌బాల్‌లో అందరికీ వచ్చిన విద్య అదొక్కటే.

అసలు సంగతేమిటంటే క్లబ్బు గల్లా ఖాళీ. జీతాలు బకాయి. కొత్తవాళ్లను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం. సీజన్ సగంలో విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకుంటే, బ్రెజిల్ వాడు జావో విక్టర్ ఒక్కడే మిగిలాడు. మిగతా అంతా కుర్రాళ్లు. ఇదంతా కాకకు చెబితే చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వారం కూలి పడకుంటె మన మిల్లుల ఒక్క బస్తా కదులుతదా? ఆ కోచ్‌నెందుకు తిడుతుండ్రు? జీతం లేకున్నా ఉరుకుతున్న పోరగాళ్లకు దండం పెట్టాలె."

టీవీలో సూటు వేసుకుని కూర్చునే నిపుణుల నోట ఇంత సూటి మాట నేను వినలేదు.

మార్చిలో చెన్నైయిన్ మీద వాళ్ల ఊళ్లోనే 1-0తో గెలిచారు. ఆ ఒక్క గెలుపుకు దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చాయ్ పోయించాను. జట్టు బాగా ఆడిన ఏళ్లలో ఇంత చవకగా సంబరం జరిగేది కాదు.

ఏప్రిల్లో సీజన్ ముగిసే వేళకు 'మైదాన్' సినిమా వచ్చింది. అందులో హీరో మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానంలో నిలబెట్టి, 1962లో జకార్తా నుంచి ఏషియాడ్ స్వర్ణం తెచ్చిన మనిషి. తెర మీద హైదరాబాద్ గెలుస్తుంటే, పట్టికలో అట్టడుగున హైదరాబాద్. రెండింటికీ విజిలేశాను.

2025లో క్లబ్బు చేతులు మారి, పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. కాకకు చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"ఢిల్లీకా? ఆడనన్న వారం వారం కూలి ఇస్తరటనా?"