అల్లుడిగారి లోటులేని బడ్జెట్

పొద్దున్నే విశాఖ పూర్ణా మార్కెట్లో ఓ పెద్దాయన చీటీ పట్టుకుని పచారీ కొట్టు ముందు నిలబడ్డాడంటే, కొట్టువాడు సగం చీటీ చదివేసరికే సంగతి చెప్పేస్తాడు. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము, బెల్లం, నువ్వుల నూనె, సాంబ్రాణి, రెండు కిలోల వెల్లుల్లి. వీటన్నిటితో కలిపి వండే కూర ఈ లోకంలో లేదు. “అమ్మాయికి పురుడా బాబూ?” అని అడుగుతాడు. ఔనంటే మంచి నెయ్యి ఏ కొట్లో దొరుకుతుందో కూడా అతనే చెప్పి పంపిస్తాడు. బాలింతకి పెట్టే కాయంలో పడే నెయ్యి కాస్త అటూఇటూ అయితే ఆమెకి పోయేదేమీ లేదు, పోయేది వియ్యపురాలి దగ్గర పరువు.

సరిగ్గా ఆ వేళకే హైదరాబాదులోనో బెంగళూరులోనో అల్లుడుగారు కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, ‘ఫస్ట్ బేబీ బడ్జెట్’ అన్న ఎక్సెల్ షీటు నింపుతుంటాడు. బిడ్డ పుట్టకముందే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలని ఏదో వీడియోలో ఆర్థిక సలహాదారు చెప్పాడు. అల్లుడు బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు గడులు గీశాడు. ఆసుపత్రి గడిలో సున్నా. మందుల దగ్గర సున్నా. పథ్యం, నీళ్లు పోసే మనిషి, ఉయ్యాల, బారసాల, బంగారం, అన్నిటా సున్నాలే. ఆదాయం గడిలో మాత్రం ఉద్యోగం చేసే భార్యకి 2017 చట్ట సవరణతో దక్కిన 26 వారాల ప్రసూతి సెలవు జీతం ఠంచనుగా కనిపిస్తుంది. ఆదాయంలో భార్య ఉంది, ఖర్చులో భార్య లేదు. చివరికి మిగులు తేలింది. ఆ మిగులు నెలనెలా మ్యూచువల్ ఫండులోకి పోతుంది, బిడ్డ ఇంజనీరింగ్ చదువుకని. పుట్టుక ఖర్చు తాతది, చదువు ఖర్చు తండ్రిది. తండ్రి వంతు రావడానికి ఇంకా పద్దెనిమిదేళ్లు గడువుంది.

ఈ విద్య ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు. ఓ కార్పొరేషన్ పెట్టి, దాని పేర అప్పు తెచ్చి, ఆ అప్పు బడ్జెట్ పుస్తకంలో కనబడకుండా చూసుకుంటారు. బడ్జెట్ వెలుపలి అప్పులంటూ కాగ్ తన నివేదికల్లో దాన్ని తప్పుపడుతుంది. తెలుగింటి అల్లుడికి ఆ కార్పొరేషన్ మూడుముళ్లతోనే దఖలు పడింది. దాని పేరు మామగారు. దానికి ఆడిట్ లేదు, అప్పు పరిమితి లేదు. ‘తొలి కాన్పు పుట్టింటివారిది’ అన్న ఒక్క వాక్యమే దాని రాజ్యాంగం. ఆంధ్రప్రదేశ్ 2014 నుంచి అడిగి అడిగి అలిసిపోయినా రాని ప్రత్యేక హోదా, అల్లుడికి అడక్కుండానే వచ్చింది.

ఆచారాన్ని ఆడిపోసుకోవడం సులువే. నిజం చెప్పాలంటే ఇది పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. పదిహేనేళ్లకే కాపురానికి వెళ్లి, పదహారుకే నెల తప్పిన పిల్లకి, అత్తగారి ముందు గట్టిగా మూలగడానికైనా వీల్లేని రోజుల్లో, అమ్మ దగ్గర నాలుగు నెలలు ఉండనివ్వడం పెద్ద దయ. ఈనాటికీ అది బాలింతకి హాయే. రాత్రి మూడింటికి బిడ్డ ఏడిస్తే అమ్మని లేపడానికి మొహమాటం అక్కర్లేదు. కానీ అమ్మ ఒడికీ ఆసుపత్రి బిల్లుకీ ముడి వేసిందెవరు? కూతుర్ని పుట్టింటికి పంపుతూ, ఖర్చు డబ్బు కూడా వెంట పంపకూడదని ఏ పురోహితుడూ చెప్పలేదు.

పైగా వియ్యాలవారెవరూ ఏదీ అడగరు, అదీ ఇందులో చమత్కారం. “మాకేం వద్దండీ. మీ అమ్మాయి, మీ మనవడు. ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం.” తెలుగులో ఇంతకంటే ఖరీదైన మాట ఇంకోటి లేదు. ‘మీ ఇష్టం’ అనగానే పెద్దాయన పూర్ణా మార్కెట్ నుంచి తిన్నగా బంగారం కొట్లుండే కురుపాం మార్కెట్ దారి పడతాడు. వెండి మొలతాడు, ఉగ్గుగిన్నె, మురుగులు, వీలైతే ఒక కాసు గొలుసు. కాసంటే ఎనిమిది గ్రాములు. పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది 2025 ఏప్రిల్లో. బిడ్డ మెడ ఇంకా నిలబడనేలేదు, దానికి గొలుసు మాత్రం సిద్ధం.

మరి ఆసుపత్రో? పాతనగరంలో సర్కారు ఘోషాసుపత్రి ఉంది. 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో కాన్పు ఉచితం, సిజేరియన్ ఉచితం, మందులు, పరీక్షలు, భోజనం, ఇంటికి దిగబెట్టే బండి అన్నీ ఉచితం. అంటే అల్లుడిగారి షీటులోని ఆ సున్నా అక్షరాలా నిజమయ్యే చోటు ఊళ్లోనే ఉంది. కానీ ఆ మాట ఎత్తితే చాలు, వియ్యాలవారి ముఖాలు ముడుచుకుంటాయి. ‘మా కోడలు వార్డులోనా?’ కోడలు అన్న మాట ఆ నోట అంత ప్రేమగా పలికేది ఇంకొకరు బిల్లు కట్టేటప్పుడే.

సరే, ప్రైవేటే అనుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశమంతా చూస్తే నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63. తెలంగాణ ప్రైవేటులో 81.5, అక్కడ మామూలు కాన్పే విశేషం. కాబట్టి మామగారు రెండు అంచనాలు వేసుకుంటాడు, రెండోదాన్నే నమ్ముకుంటాడు. ఆపరేషన్ అంటే గది అద్దె నాలుగైదు రోజులు పెరుగుతుంది, గది ఏసీది కావాలి, పక్కన ఇంకో మంచం ఉండాలి. ఎందుకంటే అల్లుడు చూడటానికి వస్తాడు.

అల్లుడి కంపెనీ బీమాలో ప్రసూతి ఖర్చుకి ఎంతో కొంత వస్తుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. వస్తుంది. నగదు కట్టక్కర్లేని ఏర్పాటు లేని ఆసుపత్రిలో చేరితే, ముందు బిల్లు చేత్తో కట్టి, తర్వాత కాగితాలు పంపాలి. కట్టేది మామగారు. కాగితాలు పంపేది అల్లుడు. బీమా డబ్బు పడేది పాలసీ ఉన్న ఉద్యోగి ఖాతాలో. ఆ డబ్బు మళ్లీ మామగారి ఖాతాకి ప్రయాణం కట్టిన ఇళ్లు ఉంటే వాటికి దండం. మిగతా ఇళ్లలో తొలి కాన్పు లోటులేని బడ్జెట్ మాత్రమే కాదు, చిన్నపాటి లాభసాటి బేరం కూడా.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 1961 వరకట్న నిషేధ చట్టం పెళ్లికి ముందు, పెళ్లప్పుడు, తర్వాత ఎప్పుడైనా పెళ్లికి సంబంధించి ఇచ్చేదాన్ని కట్నమంది. 2001లో సత్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మాత్రం బిడ్డ పుట్టినప్పుడు ఆచారంగా ఇచ్చేవి కట్నం కిందికి రావని తేల్చింది. డబ్బు కోసం వేధిస్తే వేరే సెక్షన్లున్నాయి, కానీ ‘మీ ఇష్టం’ అన్నమాట ఏ సెక్షన్ కిందికి వస్తుంది? సీమంతం గాజుల నుంచి, బిడ్డని అత్తారింటికి దిగబెట్టే రోజున సారెలో పెట్టే సున్నుండల దాకా అంతా ఆచారమే.

ప్రభుత్వం కూడా తన వంతు ఇస్తుంది, అనకూడదు. ఆహార భద్రత చట్టం 2013లోనే తల్లికి 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. ప్రధానమంత్రి మాతృ వందన కింద అర్హురాలైన తల్లికి తొలి బిడ్డకు వచ్చేది 5,000, కేంద్రం అరవై పాళ్లు, రాష్ట్రం నలభై. మిగతాది జననీ సురక్ష యోజనతో సర్దుకోమన్నారు. ఆ పథకం కింద మన రాష్ట్రంలో పట్నం పేద తల్లికి 600. పూర్ణా మార్కెట్లో ఏ కొట్టువాడైనా వేళ్ల మీద కూడి చెబుతాడు, మొత్తం 5,600. 2025 సెప్టెంబరు 22 నుంచి డైపర్ల మీదా పాలసీసాల మీదా జీఎస్టీ పన్నెండు నుంచి అయిదు శాతానికి దిగింది. ఈ వ్యవహారంలో మామగారికి దక్కిన సబ్సిడీ ఇదొక్కటే.

ఆ మామగారు స్టీల్ ప్లాంటులో రిటైరైన మనిషే అనుకుందాం, ఈ ఊళ్లో అలాంటివాళ్లకి కొదవా? ప్లాంటుకి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆయన పీఎఫ్‌కి ప్యాకేజీ లేదు. పెళ్లికి సగం కరిగింది, పురిటికి మరికొంత కరుగుతుంది.

‘మలి కాన్పు మాది కదా’ అని వియ్యాలవారు ధీమాగా అంటారు. ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7. రెండుకి కూడా అందని లెక్క అది. అంటే మామగారి వంతు ప్రతి ఇంట్లో వస్తుంది, వియ్యంకుడి వంతు కొన్ని ఇళ్లలో రానేరాదు. పిల్లలు తగ్గిపోతున్నారని ఇప్పుడు పెద్దలకి దిగులు పట్టుకుంది. ఇద్దరికి మించితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనని శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడయితే ఆవు ఇస్తానని ప్రకటించారు. మూడో బిడ్డకి ఆవు సరే. తొలి బిడ్డ పాల ఖర్చు ఇంకా తాతగారి పద్దులోనే ఉంది.

అల్లుడుగారూ, షీటులో ‘తొలి కాన్పు’ అన్న వరసలో ఆ సున్నాలు కొట్టేసి, ఈ నెల జీతంలోంచి మామగారి ఖాతాకి డబ్బు పంపండి. బీమా డబ్బు ఇప్పటికే పడి ఉంటే అదీ పంపండి. వచ్చే శనివారం విశాఖ రైలెక్కండి. పూర్ణా మార్కెట్ పొద్దున్నే తెరుస్తారు. చీటీ మామగారి చొక్కా జేబులో ఉంది, సంచీ మాత్రం మీరు పట్టుకోండి.