ఇరవై ఆంపియర్ల వాగుడు

కరెంటు పోతే మా వాళ్లంతా విసనకర్రలు వెతుక్కుంటారు. నేను మైకు వెతుక్కుంటాను. హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిన నాటినుంచి ఇదే తంతు. తుపాను ధాటికి సెల్ టవర్లన్నీ మూగబోయిన రోజున రాజమండ్రిని ఆదుకోవలసింది నేనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు హామ్‌లు సాయానికి దిగలేదూ! మరి అప్పటిదాకా సాధన ఉండొద్దా?

సాధనకు 12 వోల్టుల బ్యాటరీ కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే, ఇన్వర్టర్‌ది. మే నెల, రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోగానే దానికి తీగలు తగిలించాను. 40 మీటర్ల బ్యాండులో ఒకటే గరగర. దోషి ఇన్వర్టరేనని కనిపెట్టి దాని పీక నొక్కాను. గరగర పోయింది. దాంతోపాటే అత్తగారి నెత్తిన తిరుగుతున్న ఫ్యానూ పోయింది.

"ఏమ్మా, ఇన్వర్టర్ కొన్నామన్నారు?" అని చీకట్లోంచి ఆవిడ గొంతు.

నేను వినిపించుకునే స్థితిలో లేను. ఎక్కడెక్కడి మాటలో స్పష్టంగా వినిపిస్తున్నాయి. మైకు నొక్కి "సీక్యూ" అన్నాను, అంటే వింటున్నవాళ్లెవరైనా పలకండని. టప్! రేడియో ఆరిపోయింది. మళ్లీ వెలిగించి, మళ్లీ అన్నాను. మళ్లీ టప్! వింటున్నంతసేపు దానికి ఒక ఆంపియరు చాలు. వంద వాట్లతో నోరు విప్పితే ఇరవై దాకా లాగుతుంది. నేనేమో పాత స్పీకర్ల సన్న తీగ వేశాను. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు, రేడియో దగ్గరకొచ్చేసరికి పదిన్నర. మిగతా రెండూ దారిలో తీగను కాచడానికే సరిపోయాయి.

మా ఆవిడ టార్చితో వచ్చి సంగతంతా విన్నది. "అంటే, వింటే పనిచేస్తుంది, మాట్లాడితే ఆరిపోతుంది. ఎంత బుద్ధి గల యంత్రమండీ! కాస్త చూసి నేర్చుకోండి."

మర్నాడే లావు తీగా, విడిగా ఓ లిథియం బ్యాటరీ కొన్నాను. నాలుగు వేలేనని చెప్పాను. వంద వాట్ల నుంచి ఐదుకు దిగాను కూడా. అవతలివాడి మీటరు మీద తగ్గేది రెండు ఎస్ యూనిట్లే. ఇన్నాళ్లూ అరిచిందంతా దండగన్నమాట.

నిన్న మళ్లీ కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతోంది, రేడియో పలుకుతోంది. హామ్‌ల భాషలో 88 అంటే ముద్దులు. ఆనందం పట్టలేక మా ఆవిడవైపు తిరిగి "ఎనభై ఎనిమిది!" అన్నాను.

"ఎనభై ఎనిమిది వందలా! నాలుగు వేలన్నారే?"

అసలు ధర అంతకన్నా ఎక్కువే. నోరు మూసుకుని వినడంలోకి దిగాను. ఒక్క ఆంపియరుతో సరిపోతుంది.