తనంతట తాను నిలబడును

మా బావమరిది కూతురి మొదటి పుట్టినరోజుకి వారం ముందు వాళ్ళింటికి వెళ్తే హాలు నిండా పైపులు పరిచి ఉన్నాయి. కొళాయి లైను మారుస్తున్నారు కాబోలు, రెండు రోజులు నీళ్ళుండవనుకుని మా ఆవిడ గబగబా బిందెలు పట్టడానికి లేచింది.

"నీళ్ళకి కాదక్కా, బెలూన్లకి" అన్నాడు వాడు. తర్వాత నావైపు తిరిగి, "ఫ్రీ స్టాండింగ్ ఫ్రేము బావా. గోడకి ఒక్క మేకు అక్కర్లేదు. తనంతట తాను నిలబడుతుంది."

ఈ మధ్య ఈ మాట చాలాచోట్ల వింటున్నాను. డెకరేషన్ వాళ్ళు చెబుతారు, వీడియోలు చేసేవాళ్ళు చెబుతారు. పది నిమిషాల పనట, ఎవరి సాయమూ అక్కర్లేదట. ఆ పది నిమిషాల్లో పైపు కోయడం ఉండదు, తప్పు కొలతకి కోసిన పైపు మార్చుకోవడానికి హార్డ్‌వేర్ షాపుకి మూడుసార్లు తిరగడం ఉండదు. పంపు కొట్టి, రెండేసి బెలూన్లు ముడేసి, ఆ జంటని ఇంకో జంటతో మెలేసి నాలుగు చేసి, 200 బెలూన్లు అయ్యేసరికి వేళ్ళు వాచిన పిన్నిగారూ ఉండరు.

మేకు వద్దనడానికి కారణం ఉంది, కాదనను. అద్దె ఇంటి గోడకి కన్నం పెడితే అడ్వాన్సులో కోత పడుతుంది. ఫంక్షన్ హాలు మేనేజరైతే సుత్తి చప్పుడుకే పరిగెత్తుకొస్తాడు. అంతవరకూ న్యాయమే. నా పేచీ అల్లా 'తనంతట తాను' అన్న ముక్కతోనే.

అసలు రబ్బరు బెలూను లేవడానికే పుట్టింది. 1824లో లండన్‌లో మైకేల్ ఫెరడే హైడ్రోజన్‌తో ప్రయోగాలు చేసుకోవడానికి రెండు రబ్బరు ముక్కల అంచులు కలిపి నొక్కి, లోపల అంటుకోకుండా పిండి చల్లి, తొలి బెలూన్లు చేశాడు. హైడ్రోజన్ అంటుకునే వాయువు కనక పసిపిల్లల దగ్గరికి పనికిరాదు. ఇక హీలియం. ఆ మాట మా గుంటూరులో తేలిగ్గా అనకూడదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఈ ఊరికే వచ్చాడు. ఆ గ్రహణం నాడు సూర్యుడి వర్ణపటంలో కనబడిన పసుపుపచ్చ గీత దగ్గరే హీలియం కథ మొదలైంది. నూట యాభై ఏళ్ళు దాటాక అదే ఊళ్ళో బెలూను లేవాలంటే ప్లంబరు సామాను కావాలి. హీలియం ఖరీదు, గాలి ఊరికే వస్తుంది. గాలి నింపిన బెలూను నేలమీద దొర్లుతుంది. దొర్లేదాన్ని లేపడానికి ఒక అస్థిపంజరం కట్టాలి.

ఆ అస్థిపంజరానికీ కొన్ని ఇష్టాయిష్టాలున్నాయి. జాయింట్లకి సొల్యూషన్ పూస్తే మళ్ళీ విప్పలేం, పూయకపోతే ఎల్బో దగ్గర గిర్రున తిరుగుతుంది. కమానుగా వంచిన పైపుకి నిటారుగా ఉండాలనే కోరిక. వంచినకొద్దీ రెండు కాళ్ళనీ బయటికి తోస్తుంది. పైగా ఏడడుగుల ఎత్తుకి అడుగున్నర పాదం. బెలూన్లకి బరువు లేదు కదా అంటాడు మావాడు. బరువు లేదు గానీ ఒళ్ళుంది. పడదోసే గాలికి ఆ ఒళ్ళు చాలు.

ఆ సంగతి పుట్టినరోజు సాయంత్రం తేలింది. మే నెల, గుంటూరు. మొదటి చుట్టం లోపలికొచ్చి ఫ్యాను స్విచ్చి నొక్కింది. కమాను రాజుగారికి దణ్ణం పెట్టినట్టు ముందుకి వంగింది. వెంటనే ఇంట్లో ఆజ్ఞ: ఎవరూ ఫ్యాను వెయ్యకూడదు. అరవైమంది, పట్టుచీరలు, మూసిన కిటికీలు. తర్వాత 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్లు రెండు తెచ్చి చెరో కాలికీ కట్టారు. రెండు కిలోల ఫ్రేము తన కాళ్ళమీద తాను నిలబడడానికి నలభై కిలోల నీళ్ళు! దాహమన్నవాళ్ళకి, "కేకు కోసేదాకా కాస్త ఓర్చుకోండి, నీళ్ళు డెకరేషన్‌లో ఉన్నాయి" అని జవాబు. అదీ చాలక కిటికీ గ్రిల్లుకి గాలపు దారం కట్టారు. అప్పటికీ ఊగుతుంటే మా మామగారిని వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి పైపు చేతికిచ్చారు. మనవరాలు కేకు కోయడం ఆయన వినే సంతోషించారు.

"ఇదేనా తనంతట తాను నిలబడ్డం?" అని అడిగాను.

"సపోర్టు వేరు, సేఫ్టీ వేరు బావా" అన్నాడు.

పందిరి రాట ఇలాంటి గొప్పలకి పోదు. గొయ్యి తవ్వి, పాతి, మన్ను కూరి, పసుపూ కుంకుమా పెడతారు. తనని భూమి పట్టుకుందని పందిట్లోకొచ్చిన ప్రతివాడికీ తెలుసు. గుమ్మానికి కట్టిన మామిడాకులు కూడా గుమ్మాన్నే నమ్ముకుంటాయి. మూడో అంతస్తులో గొయ్యి తవ్వమని నేననడం లేదు. క్యాన్లున్నాయని, దారముందని, మామగారున్నారని చెబితే చాలు. కానీ ఫోటోలో గులాబీ బెలూన్ల మధ్య కనబడ్డ ఆయన నాలుగు వేళ్ళని కూడా మావాడు ఫోన్లో చెరిపేశాడు. వచ్చే పుట్టినరోజుకి ఆ ఫోటో చూసి ఇంకెవరింట్లోనో పైపులు కోస్తారు.

మొన్న వాళ్ళ మేడమీదికెళ్తే ఫ్రేము అక్కడుంది. పారెయ్యడానికి మనసొప్పక మా చెల్లెమ్మ దానికింద రెండు కుండీలు పెట్టి బీరపాదు ఎక్కించింది. పాదుకి ఆసరాగా పెట్టారు గానీ, తీగ పైకి పాకి, కమాను చుట్టూ నులితీగలు బిగించి, అవతల పిట్టగోడ దాటి కేబుల్ వైరు అందుకుంది. గాలి బాగానే వీస్తోంది. ఫ్రేము కదల్లేదు.