లాంగ్ వీకెండ్ లీడరు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వైపు పది తెలుగు కుటుంబాలు చేరిన చోటల్లా ఒక లాంగ్ వీకెండ్ లీడరు ఉంటాడు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోరు. మెమోరియల్ డే సెలవుకు రెండు నెలలుందనగానే వాట్సాప్ గ్రూపు పెట్టి, తనే అడ్మిన్ అయి కూర్చుంటాడు. ఏడాదంతా ఆఫీసులో మేనేజరు చెప్పినట్టు వింటాడు కదా, ఆ మూడు రోజులూ మనం ఆయన చెప్పినట్టు వినాలి.

ఆయన ఆస్తి ఒక ఎక్సెల్ షీటు. అందులో అమెరికాలోని 63 నేషనల్ పార్కులూ ఉంటాయి. చూసినవి పచ్చ, చూడనివి ఎరుపు. ఎరుపు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఈసారి ఎరుపు ఒలింపిక్ నేషనల్ పార్కు మీద పడింది. అందులోనూ హో వర్షారణ్యం. ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన, అంటే హైదరాబాదుకు నాలుగు రెట్లకు పైమాటే. గొడుగుల బాధ్యత ఎవరిదో కూడా షీటులో ఉంటుంది.

షీటు ప్రకారం బయల్దేరాల్సింది తెల్లవారుజామున అయిదింటికి. పెరుగన్నంలో తిరగమోత పడేసరికి ఎనిమిదవుతుంది. దారి పొడవునా లీడరు చరిత్ర చెబుతాడు. ‘1909లో రూజ్‌వెల్ట్ ఇక్కడి ఎల్క్ దుప్పుల్ని కాపాడ్డానికి దీన్ని జాతీయ స్మారకం చేశాడు. మళ్లీ 1938లో ఆయనే పార్కు చేశాడు.’ ఆ రూజ్‌వెల్ట్ థియొడోర్, ఈ రూజ్‌వెల్ట్ ఫ్రాంక్లిన్ అని వెనక సీట్లోంచి టెన్త్ చదివే పిల్ల అందిస్తుంది. ‘ఇంటిపేరు ఒకటేగా’ అని ముందుకు సాగిపోతాడు.

ఫోర్క్స్ దాటి హో నది వెంట లోపలికి తిరిగాక ఫోన్ సిగ్నల్ పోతుంది. దాంతోపాటే ఆయన అధికారమూ పోతుంది. గేటు దగ్గర ఒక కారు బయటికొస్తేనే ఇంకో కారు లోపలికి. అచ్చం తిరుమల సర్వదర్శనం. లీడరు మాత్రం కిటికీ దించి, బ్రేక్ దర్శనం లాంటిదేమైనా ఉందా అని రేంజరును అడిగి చూస్తాడు.

హాల్ ఆఫ్ మాసెస్ బాట చుట్టి వస్తే మైలు కూడా ఉండదు. కొమ్మల నిండా మూరల కొద్దీ వేలాడే నాచు. గుంటూరు నుంచి వచ్చిన లీడరు తల్లి ఆగి, వేలితో తాకి చూస్తుంది. ‘మన ప్రహరీకి ఇంత పాచి పడితే బ్లీచింగు చల్లిస్తాం గదరా. దీనికి డబ్బులిచ్చి వచ్చామా?’ లీడరు వినడు. ఆయన గ్రూపు ఫొటోకి ఎత్తు ప్రకారం జనాన్ని సర్దుతున్నాడు.

తర్వాత పిక్నిక్ బల్ల మీద అల్యూమినియం ట్రేలో పులిహోర తెరుస్తారు. నల్లగా, బొద్దుగా ఒక రావెన్ వచ్చి వాలుతుంది. ‘మన కాకే. అమెరికా వచ్చి ఇదీ ఒళ్లు చేసింది’ అంటుంది ఆ తల్లి. అలవాటు కొద్దీ ఒక ముద్ద పక్కన పెడుతుంది. రేంజరు గబగబా వస్తుంది.

ఆవిడ కంగారుకు కారణం ఆ కాకి కాదు, పైకొమ్మల్లో కాపురం. మార్బుల్డ్ మర్లెట్ అనే చిన్న సముద్రపు పక్షి తిండి కడలిలో, పురుడు అడవిలో. ముసలి చెట్ల లావుపాటి కొమ్మ మీద నాచు పరుపులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. వేకువనా మునిమాపునా మైళ్ల దూరం నుంచి చేప కరుచుకొచ్చి పిల్లను సాకుతుంది. శాస్త్రజ్ఞులకు ఏళ్ల తరబడి అంతుచిక్కని దీని గూడు 1974లో కాలిఫోర్నియాలో చెట్టెక్కిన ఓ పనివాడి కంట పడింది. ముసలి చెట్లు కలపకు పోయేకొద్దీ దీనికి చోటు కరవైంది. అమెరికా ప్రభుత్వం 1992లో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది; వాషింగ్టన్ రాష్ట్రం ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. మనం రాల్చే మెతుకులకు కాకులూ స్టెల్లర్స్ జే పిట్టలూ చేరతాయి. మరిగాక పైకొమ్మలు వెతుకుతాయి. అక్కడ గుడ్డుంటే గుడ్డు, పిల్లుంటే పిల్ల.

లీడరు అంతా విని, ‘ఆ పక్షికి బెస్ట్ వ్యూ పాయింట్ ఎక్కడ?’ అంటాడు. తెల్లారకముందే వచ్చి, నోరు మూసుకుని ఆకాశం చూడాలని జవాబు. రెండు షరతులూ ఆయన వల్ల కానివే. అమ్మకు తెలుగులో చెబుతాడు. ఆవిడ ‘ఒక్కటే గుడ్డా!’ అని, చెంగు దోపుకుని, బల్ల కిందికి వంగి పోపుగింజలతో సహా ఏరుతుంది. లీడరు ఒలింపిక్ గడికి పచ్చరంగు వేసుకుంటాడు.

వెళ్లండి, పులిహోరా పట్టుకెళ్లండి. కానీ ఒక్క మెతుకూ నేలన మిగల్చకండి. ఆ అడవిలో కాకికి పెట్టిన ముద్ద కాకితో ఆగదు, ఒక్క గుడ్డు పెట్టుకున్న తల్లి దాకా వెళ్తుంది.