పూతరేకులకు పరుపు... పాపకు ఒడి!

అమెరికా కాపురానికి బయల్దేరే కోనసీమ కుటుంబం సర్దుడు చూడాలి. ఆత్రేయపురం పూతరేకులు నలగకుండా డబ్బా చుట్టూ తువ్వాళ్లు. ఆవకాయ కారకుండా కవరు మీద కవరు, ఆపైన టేపు. పెట్టె 23 కిలోలు దాటిందేమోనని కాటా మీద పదేపదే తూకం. మరి పాపకి కారు సీటో? ‘‘ఒళ్లో కూర్చుంటుందిలెండి!’’ అమలాపురం నుంచి శంషాబాద్ దాకా డ్రైవరు పక్కన, తాతయ్య ఒళ్లో అలాగే వెళ్తుంది కూడా.

ఇక్కడా చట్టముంది మహాప్రభో! మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టు గానీ, ప్రత్యేక సీటు గానీ లేకుండా కార్లో తిప్పితే వెయ్యి రూపాయల జరిమానా. కట్టినవారెవరైనా రావులపాలెం సెంటర్లో తగిలితే దండేయాలి.

అమెరికాలో ఏ రాష్ట్రంలో దిగినా చిన్నపిల్లలకు కారు సీటు తప్పదు. పోనీ ఇక్కడే కొని మోసుకెళ్దామంటే, అక్కడి ప్రమాణాల ముద్ర లేనిది అక్కడ చెల్లదు. విమానంలోనూ కారు సీట్లోనే కూర్చోబెట్టాలంటే రెండేళ్లలోపు పిల్లకైనా విడిగా సీటు టికెట్ కొనాలి. ఆ ఖర్చు వినగానే తాతయ్య ఒడి మళ్లీ ముద్దొస్తుంది!

అమెరికాలో మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చే బావగారికి ఆవకాయ కబురు తర్వాత చెప్పొచ్చు. ముందు సీటు కొని, కార్లో బిగించుకుని ఎయిర్‌పోర్టుకి రమ్మనండి.